గీతలు, గాలిచాటు, నమ్మకం: వెలోడ్రోమ్‌లో బృందసాధన నియమాల చరిత్ర

వ్యాససంగ్రహం

వెలోడ్రోమ్‌లో వాడే సైకిలుకు బ్రేకులుండవు. అయినా పదిమంది, ఇరవైమంది సాధకులు ఒకే ట్రాకుమీద ఒకరి వెనుక ఒకరు అతి సమీపంగా, గంటకు నలభై కిలోమీటర్లకు మించిన వేగంతో సాగుతారు. ఈ సహయానానికి ఆధారమైన నియమాలు ఎప్పుడు, ఏ కారణాలవల్ల ఏర్పడ్డాయన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. 19వ శతాబ్దపు తొలి ట్రాకులు, అమెరికాలోని ఆరు రోజుల పందేలు, మేజర్ టేలర్ ఎదుర్కొన్న వర్ణవివక్ష, మోటారువాహనాల వెనుక సాగిన పోటీలలోని మరణాలు, జపాన్ కెరిన్ శిక్షణ విధానం అనే ఐదు ఘట్టాలు ఇందులో పరిశీలనాంశాలు. భద్రత అంటే ఎదుటివారిని తప్పించుకోవడం కాదు, తన కదలికను ఎదుటివారు ముందుగానే ఊహించగలిగేలా ఉంచడం అనే భావన ఈ చరిత్ర పొడవునా క్రమంగా బలపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ భావనను తెలుగులో బోధించడానికి అవసరమైన పరిభాషను చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: వెలోడ్రోమ్, బృందసాధన, మాడిసన్, స్టేయర్ గీత, కెరిన్, మేజర్ టేలర్, క్రీడాచరిత్ర, పరిభాష

1. ప్రస్తావన

క్రీడాచరిత్ర రచన సాధారణంగా విజేతల పేర్ల చుట్టూ, రికార్డుల చుట్టూ తిరుగుతుంది. ఆటలోని నియమాలు ఎలా పుట్టాయన్న ప్రశ్నకు అందులో దక్కే చోటు తక్కువ. కాని నియమాన్ని కూడా ఒక చారిత్రక ఆధారంగా చదవవచ్చు. ఒక నిషేధం ఉన్నదంటే, అంతకుముందు ఎవరో ఆ పని చేశారని, దానివల్ల ఎవరికో నష్టం కలిగిందని అర్థం చేసుకోవచ్చు. ట్రాక్ సైక్లింగ్ ఈ రకమైన అధ్యయనానికి బాగా అనువైన రంగం. ఇక్కడి నియమాలలో కొన్ని పుస్తకంలో మాత్రమే కాక నేలమీద కూడా రంగు గీతల రూపంలో కనిపిస్తాయి.

నేటి వెలోడ్రోమ్‌లో లోపలి అంచునుంచి పైకి చూస్తే మొదట ఒక వెడల్పాటి నీలి పట్టీ ఉంటుంది. దాని తరువాత ట్రాకు లోపలి అంచునుంచి 20 సెంటీమీటర్ల దూరంలో నల్లని కొలతగీత, 85 సెంటీమీటర్ల దూరంలో ఎర్రని స్ప్రింటర్ గీత, ఇంకా పైన ట్రాకు వెడల్పులో సుమారు మూడోవంతు దగ్గర నీలిరంగు స్టేయర్ గీత కనిపిస్తాయి. ఈ చివరి గీత విషయంలో ఒక విశేషముంది. అది ఏ పోటీ పేరుమీద ఏర్పడిందో ఆ పోటీని ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో 1994 తరువాత నిర్వహించలేదు. అయినా గీత చెరిగిపోలేదు. నేడు బృందసాధనలో నెమ్మదిగా సాగేవారికీ వేగంగా సాగేవారికీ మధ్య సరిహద్దుగా పనిచేస్తున్నది ఆ గీతే. పోటీ పోయి గీత మిగలడంలో ఈ వ్యాసం చెప్పదలచిన విషయం చాలావరకు ఇమిడి ఉన్నది.

2. బ్రేకు లేకపోవడంలోని తర్కం

చరిత్రలోకి వెళ్లేముందు సాధనంలోని కీలకాన్ని గమనించాలి. మామూలు సైకిలుకు ఫ్రీవీల్ ఉంటుంది. కాళ్లు ఆగినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ట్రాకు సైకిలులో వెనుక పళ్లచక్రాన్ని చక్రానికి స్థిరంగా బిగిస్తారు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, వాటితోపాటు కాళ్లూ తిరగాలి. వేగం తగ్గాలంటే తిరిగే పెడళ్లను కాళ్లతో కొద్దికొద్దిగా నిరోధించాలి, లేదా ట్రాకు వాలుమీద పైకి ఎక్కాలి. ఎక్కినపుడు వేగం తగ్గుతుంది, దిగినపుడు పెరుగుతుంది. అందువల్ల ట్రాకు వాలే సాధకునికి బ్రేకుగా ఉపయోగపడుతుంది.

మొదటిసారి వినేవారికి బ్రేకు లేకపోవడం ప్రమాదంగా తోస్తుంది. గుంపు దృష్టితో ఆలోచిస్తే సంగతి వేరు. ముందున్నవాడు హఠాత్తుగా బ్రేకు వేస్తే, అతని గాలిచాటున కొద్దిపాటి ఎడంతో వస్తున్నవాడికి స్పందించే వ్యవధి ఉండదు. ఎవరికీ బ్రేకు లేనపుడు ఎవరూ ఒక్కసారిగా ఆగలేరు. అందరి వేగమూ నిదానంగానే మారుతుంది. అంటే ఈ లోపం ఒక్కరికి కాక అందరికీ సమానంగా ఉన్నపుడే రక్షణగా మారుతుంది. గుంపులో ఒక్కరి సైకిలుకు బ్రేకు ఉన్నా ఆ సమానత్వం చెడుతుంది.

వాలుకు కూడా తన షరతు ఉంది. ప్రపంచస్థాయి పోటీలకు ప్రామాణికమైన 250 మీటర్ల ట్రాకులలో మలుపుల దగ్గర వాలు సుమారు 42 డిగ్రీలు, నేరుబాటలలో సుమారు 12 డిగ్రీలు ఉంటుంది. మలుపులో తగినంత వేగం లేకపోతే టైరు పట్టు తప్పి కిందికి జారుతుంది. కనుక కొత్తవారికి ‘భయం వేస్తే నెమ్మదించు’ అనే సహజమైన సలహా ఇక్కడ పనికిరాదు. భయపడ్డపుడు కూడా తొక్కుతూనే ఉండాలి. రోడ్డుమీద అలవడిన సహజస్పందనలను మార్చుకోవలసి రావడమే ట్రాకుమీద శిక్షణను తప్పనిసరి చేసింది.

3. తొలి ట్రాకులు: ఒంటరి పరుగునుంచి గుంపులోకి

1868 మే 31న పారిస్ సమీపంలోని సాఁ క్లూ ఉద్యానంలో జరిగిన పందేలను తొలి సైకిల్ పందేలలో ముఖ్యమైనవిగా చరిత్రకారులు పేర్కొంటారు. ఆనాటి విజేతలలో జేమ్స్ మూర్ పేరు ప్రసిద్ధం. తరువాతి దశాబ్దంలో పెద్ద ముందుచక్రం గల సైకిళ్లు వచ్చాయి. వాటిమీద కూర్చున్నవాడు నేలకు చాలా ఎత్తున ఉంటాడు. చక్రం దేనికైనా తగిలితే తలక్రిందులుగా ముందుకు పడతాడు. అంత ఎత్తునుంచి పడే అవకాశం ఉన్నపుడు ఇతరుల చక్రానికి దగ్గరగా వెళ్లే సాహసం అరుదు.

1877లో ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో ప్రెస్టన్ పార్క్ ట్రాకు ఏర్పడింది. నేటికీ వాడుకలో ఉన్న వెలోడ్రోమ్‌లలో ఇది అతి పాతదని చెబుతారు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలు, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. రెండు చక్రాలూ దాదాపు సమానమయ్యాయి, సైక్లిస్టు నేలకు దగ్గరయ్యాడు, వేగం పెరిగింది. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం ప్రధాన శత్రువైంది. ముందువాడి వెనుక దాగితే శ్రమ గణనీయంగా తగ్గుతుందని పోటీదారులు గ్రహించారు. సాంకేతిక మార్పు సామాజిక మార్పుకు దారితీసిన సందర్భమిది. గాలిచాటు విలువ తెలిసిన తరువాత ట్రాకుమీద ఒంటరిగా ఉండడం నష్టమైంది. ఇతరులకు దగ్గరగా ఉండడమే లాభమూ, అపాయమూ కూడా అయింది.

1891లో లండన్‌లో హెర్న్ హిల్ వెలోడ్రోమ్ ప్రారంభమైంది. 1893లో షికాగోలో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు జరిగాయి. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ట్రాక్ సైక్లింగ్ పోటీలు చోటు చేసుకున్నాయి. 1900లో పారిస్‌లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఏర్పడింది. దేశాల మధ్య పోటీలు మొదలైన తరువాత స్థానిక మర్యాదలమీద ఆధారపడడం సాధ్యం కాలేదు. వేర్వేరు ఊళ్లలో వేర్వేరుగా ఉన్న అలవాట్లను ఒక రాతపూర్వక నియమావళిలోకి తేవలసి వచ్చింది.

4. ఆరు రోజుల పందేలు: అలసట, చట్టం, జంట

1878లో లండన్‌లోని ఇస్లింగ్టన్ వ్యవసాయ ప్రదర్శనశాలలో ఆరు రోజుల సైకిల్ పందేలు మొదలయ్యాయి. ఆదివారం వినోదాలకు అభ్యంతరం ఉన్న సమాజంలో వారానికి మిగిలేవి ఆరు రోజులే కనుక ఆ సంఖ్య వచ్చింది. 1891నుంచి న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వీటికి ప్రధాన వేదికైంది. ఎక్కువ దూరం తొక్కినవాడే విజేత కావడంతో పోటీదారులు నిద్ర మానేశారు. చివరి రోజులకు భ్రమలకు లోనయినవారు, సైకిలుమీదనే తూలిపోయినవారు ఉన్నారు. ఈ దృశ్యాలపై పత్రికలలో విమర్శ వచ్చింది. ఒక మనిషి రోజుకు పన్నెండు గంటలకు మించి పందెంలో పాల్గొనరాదని న్యూయార్క్ రాష్ట్రం 1898లో చట్టం చేసింది.

ఈ చట్టాన్ని నిర్వాహకులు ఎదుర్కొన్న తీరు ఆసక్తికరం. ఒక్కొక్క జట్టులో ఇద్దరిని పెట్టి, ఒకరు తొక్కుతుండగా మరొకరు విశ్రమించే ఏర్పాటు చేశారు. పందెం ఇరవై నాలుగు గంటలూ ఆగకుండా సాగింది, చట్టమూ ఉల్లంఘన కాలేదు. 1899లో ఇలా తొలి జంట పందెం జరిగింది. ఆ మైదానం పేరుమీదనే ఈ విధానానికి ‘మాడిసన్’ అనే పేరు స్థిరపడింది. ఫ్రెంచివారు దీనిని ‘అమెరికెన్’ అని పిలుస్తారు.

మాడిసన్‌లో జంటలోని ఒకరు కింద పోటీలో ఉండగా, మరొకరు ట్రాకు పైభాగాన కంచెకు దగ్గరగా నెమ్మదిగా తిరుగుతుంటారు. మార్పిడి సమయంలో పైవారు కిందికి దిగి వేగం పుంజుకుంటారు. కిందివారు సహచరుని చేయి పట్టి ముందుకు విసరినట్లు తోస్తారు. ముప్పైమందికి పైగా ఒకేసారి ట్రాకుమీద ఉండే ఈ పోటీలో రెండు వేర్వేరు వేగాల ప్రవాహాలు పక్కపక్కనే సాగుతాయి. ట్రాకును ఎత్తుల ప్రకారం విభజించుకొని, కింద వేగాన్నీ పైన విశ్రాంతినీ ఉంచడం దీని మూలసూత్రం. నేటి బృందసాధనలో నూతనులకు చెప్పే మొదటి పాఠం కూడా ఇదే. మనిషికి విశ్రాంతి దక్కాలన్న ఉద్దేశంతో వచ్చిన చట్టం, ఆ ఉద్దేశంలో లేని ఒక స్థలవిభజనకు మార్గం వేసింది.

5. ‘ఇతరులు’ ఎవరు? మేజర్ టేలర్ అనుభవం

సహయానం గురించి మాట్లాడినపుడు గుంపు ఎల్లపుడూ సద్భావంతోనే ఉంటుందని అనుకోవడం పొరపాటు. 1878లో ఇండియానాపొలిస్‌లో జన్మించిన నల్లజాతి సైక్లిస్టు మార్షల్ ‘మేజర్’ టేలర్ జీవితం దీనికి ఉదాహరణ. 1894లో లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ అనే సంస్థ నల్లవారికి సభ్యత్వాన్ని నిషేధించింది. అయినా టేలర్ పోటీలలో నిలిచి, 1899లో మాంట్రియల్‌లో ప్రపంచ స్ప్రింట్ ఛాంపియన్ అయ్యాడు.

ట్రాకుమీద అతనికి ఎదురైన ప్రధాన ఆయుధం గుంపే. తెల్లజాతి పోటీదారులు కొందరు కూడబలుక్కొని ముందొకరు, పక్కనొకరు, వెనుకొకరుగా చేరి అతన్ని మధ్యలో బంధించేవారు. అలా చుట్టుముట్టినపుడు అతను ముందుకు పోలేడు, బయటకు రాలేడు. కావాలని ఢీకొట్టడాలూ, బెదిరింపులూ ఉండేవి. 1897లో మసాచుసెట్స్‌లోని టాంటన్‌లో ఒక పోటీ ముగిసిన వెంటనే తోటి పోటీదారుడొకడు అతని గొంతు నులిమాడు. 1928లో వెలువరించిన తన ఆత్మకథలో టేలర్ ఇటువంటి అనుభవాలను వివరంగా నమోదు చేశాడు.

ఈ ఘట్టం మన విషయానికి రెండు విధాల ముఖ్యం. చుట్టూ ఉన్నవారు గీత తప్పకుండా, దూరం పాటిస్తూ సాగుతూనే ఒక మనిషిని బంధించవచ్చు. బయటినుంచి చూసేవారికి అది క్రమశిక్షణగా కనిపిస్తుంది. కనుక నియమపాలన ఒక్కటే న్యాయానికి హామీ కాదు. పోటీదారుల కదలికలను ఉద్దేశంతో సహా పరిశీలించే న్యాయనిర్ణేత అవసరం ఇక్కడ స్పష్టమవుతుంది. రెండవది, భద్రత అనేది గుంపులోకి ప్రవేశంతోనే మొదలవుతుంది. సభ్యత్వం నిరాకరించిన సంస్థ ఆ మనిషికి రక్షణ కూడా నిరాకరించినట్లే. ఆ సంస్థ వారసులు 1894నాటి నిషేధాన్ని లాంఛనంగా రద్దు చేసింది 1999లో. టేలర్ 1932లోనే మరణించాడు.

స్ప్రింట్ పోటీలో నేడున్న ఒక నియమాన్ని ఈ సందర్భంలో ప్రస్తావించాలి. ముందున్న పోటీదారు చివరి పరుగులో నల్లగీతకూ ఎర్రగీతకూ మధ్య గల సందులో ఉంటే, వెనుకవారు బయటివైపునుంచే దాటాలి. ముందున్నవారు కూడా ఆ సందును విడిచి ఎదుటివారికి అడ్డుపడరాదు. దాటేవారికీ దారి ఇచ్చేవారికీ సమానంగా బాధ్యత పంచిన నియమమిది. కూడబలుక్కొని దారి మూసివేసే అలవాటును అరికట్టాలంటే ఇటువంటి ఇరువైపుల కట్టుబాటు తప్పదు.

6. యంత్రం వెనుక పరుగు: మృత్యువు గీసిన హద్దులు

గాలిచాటు విలువ తెలిశాక మరింత పెద్ద చాటు కోసం అన్వేషణ మొదలైంది. తొలుత ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు తొక్కే పొడవాటి సైకిళ్లు ముందు సాగేవి. 19వ శతాబ్దం ముగిసేనాటికి మోటారువాహనాలు వాటి స్థానంలోకి వచ్చాయి. మోటారు వెనుక చాలా దూరం నిలిచి తొక్కగల ఓర్పు గలవారిని ‘స్టేయర్’ అనేవారు. వారి వేగం అప్పటి మోటారు రోడ్లమీది వేగాన్ని మించిపోయింది. ట్రాకులూ టైర్లూ అంత వేగానికి సిద్ధంగా లేవు.

1903 మే 30న మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో చార్లెస్ రివర్ ట్రాకుమీద హ్యారీ ఎల్క్స్ పోటీ మధ్యలో పడిపోయాడు. మరొక పోటీదారు ముందు సాగుతున్న మోటారువాహనం అతన్ని ఢీకొన్నది. అతడు మరణించాడు. పడడంకన్నా వెనుకవారికి తప్పించే వ్యవధి లేకపోవడమే అక్కడ ప్రాణం తీసింది. 1909 జూలై 18న బెర్లిన్‌లో పాత వృక్షశాస్త్రోద్యానం స్థలంలోని ట్రాకుమీద ఒక మోటారుసైకిలు అదుపు తప్పి ప్రేక్షకులలోకి దూసుకుపోయింది. మంటలు లేచాయి. తొమ్మిదిమంది మరణించారు, అనేకులు గాయపడ్డారు. ప్రమాదం ట్రాకు కంచె దాటిందంటే అది పోటీదారుల సొంత సాహసంగా మిగలదు, ప్రజాభద్రత సమస్య అవుతుంది.

ఈ పోటీలలో స్థిరపడిన రెండు ఏర్పాట్లు గమనార్హం. మొదటిది, మోటారుసైకిలు వెనుక అమర్చే స్వేచ్ఛగా తిరిగే రోలరు. సైకిలు ముందుచక్రం దానికి తగిలితే రోలరు తిరుగుతుంది, తాకిడి తీవ్రత తగ్గుతుంది. ముందువాహనానికీ వెనుకవారికీ మధ్య కనీస దూరాన్ని కూడా అదే నిర్ణయిస్తుంది. రెండవది స్టేయర్ గీత. ఒక జంట గీత కింద సాగుతుండగా దాటదలచినవారు గీత పైనుంచే దాటాలి. యంత్రమైనా మనిషైనా నెమ్మదిగా ఉన్నవారు ఎక్కడ ఉంటారో దాటేవారికి ముందే తెలిసి ఉండాలన్నది ఇందులోని సూత్రం. పోటీ కాలక్రమంలో ఆదరణ కోల్పోయింది. సూత్రం మాత్రం గీత రూపంలో నిలిచింది.

7. కెరిన్: శిక్షణను వ్యవస్థగా మలచిన జపాన్

యుద్ధానంతర జపాన్‌లో నగరపాలికలకు పునర్నిర్మాణ నిధులు అవసరమయ్యాయి. 1948లో సైకిల్ పోటీల చట్టం వచ్చింది. అదే ఏడాది నవంబరులో కొకురా నగరంలో తొలి కెరిన్ పోటీలు జరిగాయి. ప్రేక్షకులు విజేతలపై పందెం కాసే పోటీలివి. పందెం డబ్బు చేరిన చోట అనుమానమూ చేరుతుంది. ఒక పోటీదారు కావాలని వెనుకబడ్డాడన్న శంక కలిగినా ప్రేక్షకులు అల్లర్లకు దిగేవారు. కనుక ఇక్కడ పోటీదారు కదలిక తోటివారికి మాత్రమే కాక, టికెట్టు కొన్న ప్రతివారికీ అర్థమయ్యేలా ఉండవలసి వచ్చింది.

దానికి జపాన్ ఇచ్చిన జవాబు శిక్షణ. కెరిన్ పోటీదారు కాదలచినవారు ప్రత్యేక పాఠశాలలో చేరి, క్రమశిక్షణతో కూడిన వసతి జీవితం గడిపి, పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. ఇజు ద్వీపకల్పంలోని ఆ పాఠశాల ప్రసిద్ధమైనది. సైకిలు చట్రమూ విడిభాగాలూ ఆమోదం పొందిన రకాలే అయి ఉండాలి. సాధనంలో తేడా లేకపోతే ఫలితంలోని తేడాకు మనిషే కారణమని ప్రేక్షకులు నమ్ముతారు. పోటీ దినాలలో పోటీదారులకు బయటివారితో సంపర్కం ఉండదు. ఎవరు ఎవరి వెనుక సాగుతారో, తమ వ్యూహమేమిటో వారు ముందుగానే ప్రకటించే ఆచారం కూడా ఉంది.

ఈ ఆచారం మన వాదానికి ముఖ్యం. వ్యూహాన్ని దాచడం పోటీ లక్షణమని సాధారణ భావన. కెరిన్ ఇందుకు భిన్నంగా ఉద్దేశాన్ని బహిరంగపరచింది. ఇతరులు తన ఉద్దేశాన్ని ముందే ఎరిగి ఉండడాన్ని నిజాయితీకి గుర్తుగా మార్చింది. ఇటువంటి వాతావరణంలో ఎదిగిన కోఇచి నకానో 1977నుంచి 1986వరకు వరుసగా పదిసార్లు ప్రపంచ ప్రొఫెషనల్ స్ప్రింట్ ఛాంపియన్‌గా నిలిచాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కెరిన్ పురుషుల విభాగంలోను, 2012 లండన్‌లో మహిళల విభాగంలోను ప్రవేశించింది.

8. బృందసాధన: నాలుగు చరిత్రల కూడలి

పైన చెప్పిన పాఠాలన్నీ ఒకచోట కలిసేది పోటీలో కాదు, రోజువారీ బృందసాధనలో. బ్రిటన్‌లో 1994లో ప్రారంభమైన మాంచెస్టర్ వెలోడ్రోమ్ వంటి చోట్ల నూతనులను నేరుగా గుంపులోకి అనుమతించరు. వారు అంచెలంచెలుగా అర్హత సంపాదించాలి. ట్రాకుమీదికి ఎక్కడం, దిగడం, గీత తప్పకుండా సాగడం మొదటి దశలు. ఆ తరువాతే ఇతరులతో వరుసలో సాగడం, స్థానాలు మార్చుకోవడం నేర్పుతారు. కెరిన్ పాఠశాల చేసే పనినే ఇవి చిన్న స్థాయిలో చేస్తాయి.

సాధనలో ముఖ్యమైన అభ్యాసం వరుస మార్పిడి. పదిమంది ఒకరి వెనుక ఒకరు సాగుతున్నారనుకుందాం. గాలిని ఎదుర్కొంటున్న మొదటివారు మలుపులోకి ప్రవేశించే ముందు కుడిభుజం మీదుగా వెనక్కి చూస్తారు. పైన ఎవరూ లేరని రూఢి చేసుకొని వాలుమీద పైకి కదులుతారు. ఎక్కడంవల్ల వేగం తానుగా తగ్గుతుంది. వరుస కిందినుంచి సాగిపోతుంది. చివరివారు దాటుతుండగా ఆయన వాలునుంచి దిగి వారి చక్రం వెనుక చేరతారు. ఈ మొత్తం పనిలో మిగిలిన తొమ్మిదిమంది తమ వేగాన్ని మార్చరాదు. ముందున్నవారు తప్పుకోగానే ఉత్సాహంతో రెండవవారు వేగం పెంచితే వరుస తెగుతుంది, పైకి వెళ్లినవారు తిరిగి చేరలేరు. సొంత బలాన్ని ప్రదర్శించకుండా నిగ్రహించుకోవడం ఇక్కడ నైపుణ్యంలో భాగం.

తక్కిన కట్టుబాట్లూ ఈ సూత్రాన్నే అనుసరిస్తాయి. ట్రాకుమీద అందరూ అపసవ్య దిశలోనే సాగుతారు. దాటడం కుడివైపునుంచి, అంటే పైవైపునుంచి జరగాలి. ముందువారి వెనుకచక్రం పక్కకు తన ముందుచక్రాన్ని చొప్పించరాదు. ముందువారు కాస్త పక్కకు జరిగితే పడేది వెనుకవారే. కిందికి దిగేముందూ పైకి ఎక్కేముందూ చూడాలి. అలసినవారు ఆకస్మికంగా నిదానించకూడదు, పైకి చేరి క్రమంగా వేగం తగ్గించుకోవాలి.

బ్రిటన్ ట్రాకులలో వెనుకనుంచి వేగంగా వచ్చేవారు ముందున్నవారిని హెచ్చరించడానికి ‘స్టే’ అని కేక వేస్తారు. ‘ఉన్న గీతలోనే ఉండు, నేను నిన్ను దాటిపోతాను’ అని దాని భావం. మన వీధులలో వెనుకనుంచి వచ్చేవాడు గంట కొట్టి ‘సైడ్, సైడ్’ అంటాడు. ఆ కేక ముందువాడిని కదలమంటుంది. ‘స్టే’ అనే కేక అతన్ని కదలవద్దంటుంది. తప్పుకోబోయేవాడు ఏ వైపు తప్పుకుంటాడో వెనుకవాడికి తెలియదు. కదలనివాడు ఎక్కడుంటాడో తెలుసు. దాటే బాధ్యత దాటేవాడిది, నిలకడ బాధ్యత ముందున్నవాడిది. భద్రతను గురించిన రెండు భిన్నమైన ఆలోచనలు ఈ రెండు కేకలలో కనిపిస్తాయి.

9. నియమాల పరిమితి

ఈ చరిత్రను ప్రమాదాలనుంచి సంపూర్ణ భద్రతకు సాగిన ప్రగతిగాథగా చదవకూడదు. 2006 నవంబరులో బెల్జియంలోని గెంట్ ఆరు రోజుల పోటీలలో మాడిసన్ జరుగుతుండగా, అదే ఏడాది ఆ అంశంలో ప్రపంచ ఛాంపియన్ అయిన స్పెయిన్ క్రీడాకారుడు ఇసాక్ గాల్వెజ్ మరొక పోటీదారుతో తగిలి కంచెను ఢీకొని మరణించాడు. 2022 కామన్‌వెల్త్ క్రీడల సైక్లింగ్ పోటీలలో, లండన్‌లోని లీ వ్యాలీ వెలోడ్రోమ్‌లో, ఒలింపిక్ విజేత మాథ్యూ వాల్స్ కంచె దాటి ప్రేక్షకులలో పడ్డాడు. ప్రేక్షకులు కూడా గాయపడ్డారు. ఆ మరునాడే మహిళల 10 కిలోమీటర్ల స్క్రాచ్ పోటీలో భారత క్రీడాకారిణి మీనాక్షి కిందపడి వాలుమీద జారగా, వెనుకనుంచి వచ్చిన పోటీదారు సైకిలు ఆమె మీదుగా వెళ్లింది.

వీరెవరూ నూతనులు కారు. అనుభవం ప్రమాద సంభావ్యతను తగ్గిస్తుందే తప్ప తొలగించదు. 1903లో ఎల్క్స్ మరణానికీ 2022నాటి ఘటనకూ మధ్య నూరేళ్లకు పైగా గడిచినా, పడినవారిని తప్పించుకునే వ్యవధి వెనుకవారికి లేకపోవడమనే మూలసమస్య ఒకటే. గుంపులో ఒకరి పొరపాటు ఫలితం తరచు మరొకరి శరీరంమీద పడుతుంది. అందువల్లనే గుంపులో సాగే అర్హతను వ్యక్తిగత సామర్థ్యంగా మాత్రమే చూడడం చాలదు. అది ఇతరులపట్ల పూచీ.

10. తెలుగు నేలకు అన్వయం: ట్రాకు, మాట

1948 లండన్ ఒలింపిక్స్‌లో ట్రాక్ సైక్లింగ్ పోటీలు పైన పేర్కొన్న హెర్న్ హిల్‌లోనే జరిగాయి. భారత సైక్లిస్టులు కూడా ఆ క్రీడలలో పాల్గొన్నారు. 2019లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో భారత జట్టు టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచింది. ముగ్గురు వరుసగా బయలుదేరి, ఒక్కొక్క చుట్టుకు ఒక్కరు చొప్పున ముందు నిలిచి తప్పుకునే పోటీ అది. గాలిచాటును క్రమంగా అప్పగించే విద్యలో మన యువకులు ప్రపంచస్థాయిని అందుకోగలరని ఆ విజయం చూపింది.

తెలుగు ప్రాంతంలో 2002 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వెలోడ్రోమ్ నిర్మించారు. 2023లో నగర బాహ్యవలయ రహదారి వెంట సౌరఫలకాల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం ప్రారంభమైంది. రెండవది వెలోడ్రోమ్ కాదు. అక్కడ బ్రేకులున్న సైకిళ్లు, పిల్లలు, వృద్ధులు, వేర్వేరు వేగాలవారు ఉంటారు. ట్రాకు నియమాలను అక్కడికి యథాతథంగా మోయడం తగదు. అయితే గుంపుగా సాగే అలవాటు పెరుగుతున్నపుడు, కదలిక ముందుగా తెలిసేలా సాగాలన్న మూలసూత్రం రెండుచోట్లా వర్తిస్తుంది.

ఇక్కడ భాషాపరమైన ఒక చిక్కు ఉంది. అంతర్జాతీయ నియమావళి ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో ఉంటుంది. గ్రామీణ నేపథ్యంనుంచి వచ్చే సాధకులకు దానిని తెలుగులో చెప్పవలసి వస్తుంది. ‘స్టే’ అనే కేకను నిఘంటువు ప్రకారం ‘ఉండు’ అని అనువదిస్తే ఏమవుతుంది? తెలుగులో వెనుకనుంచి ఎవరైనా ‘ఉండు’ అంటే ‘ఆగు’ అనే అర్థమే స్ఫురిస్తుంది. వినగానే సాధకుడు కాళ్లు బిగబట్టి నిదానిస్తాడు, వెనక్కి తిరిగి చూస్తాడు. వెలోడ్రోమ్‌లో ఆ రెండూ ప్రమాదహేతువులే. అక్షరార్థంలో సరిగా ఉన్న అనువాదం ఆచరణలో మనిషిని పడదోయగలదు. ‘అలాగే పో’ అనే మాట ఇక్కడ మేలు. వేగమూ మార్గమూ రెండూ మార్చవద్దన్న భావం అందులో ఉంది, కేక వేయడానికి తగినంత క్లుప్తంగానూ ఉంది. కొలతగీత, పరుగుగీత, ఓర్పుగీత అనే పేర్లను మూడు గీతలకు వాడవచ్చునేమో పరిశీలించాలి. వీటిలో ‘ఓర్పుగీత’ స్టేయర్ అనే మాట వెనుకనున్న చరిత్రను కూడా గుర్తుచేస్తుంది. ఈ పదాల యోగ్యతను తేల్చవలసింది పండితులు కాదు, ట్రాకుమీద వాటిని వినే సాధకులు.

11. ముగింపు

ఈ పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, వెలోడ్రోమ్‌లోని సహయాన నియమాలు ఒకే ఆలోచననుంచి పుట్టినవి కావు. కార్మికుని అలసటను గమనించిన చట్టం, యంత్రాలు తెచ్చిన మరణాలు, పందెం డబ్బు తెచ్చిన అనుమానం వేర్వేరు దిక్కులనుంచి వీటిని నిర్మించాయి. రెండు, వీటన్నింటిలోనూ స్థిరంగా కనిపించే భావన ఊహకు అందే నడవడి. బ్రేకు లేకపోవడం, గీత, రోలరు, ముందే ప్రకటించిన వ్యూహం, ‘స్టే’ అనే కేక అన్నీ ఒకరి తరువాతి కదలికను మరొకరికి తెలియజేసే ఉపాయాలే. మూడు, గుంపులో సమానమైన చోటు లేనివారికి ఆ ఉపాయాలు రక్షణనివ్వవని మేజర్ టేలర్ అనుభవం నిరూపిస్తుంది.

ట్రాకు నిర్మించడం డబ్బుతో, ఇంజనీరింగుతో అయ్యే పని. గీతల అర్థాన్ని తరువాతి తరానికి అందించడం మాత్రం పాత సాధకుడు కొత్త సాధకుని పక్కన సాగుతూ చేయవలసిన పని. ఆ అందజేత తెగిన చోట గీతలు నేలమీద రంగుగానే మిగులుతాయి. మన ప్రాంతపు శిక్షకుల, పూర్వ సాధకుల మౌఖిక అనుభవాలను సేకరించి నమోదు చేయడం ఈ విషయంలో తదుపరి పరిశోధకులు చేపట్టవలసిన మొదటి పని.